అర్థమయ్యే బండి

మారుతి 800 బోనెట్ ఎత్తితే ఇంజిన్ పక్క సందులోంచి నేల కనిపిస్తుంది. అడ్డంగా కూర్చున్న మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజిన్, దాని ముందు రేడియేటర్, ఓ మూలన బ్యాటరీ, బ్రేక్ ఆయిల్ డబ్బా, నాలుగైదు రబ్బరు గొట్టాలు, కొన్ని వైర్లు. మిగతాదంతా చెయ్యి పట్టేంత, పానా తిరిగేంత ఖాళీ. ఏ గొట్టం ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోందో వేలితో తడుముతూ వెళ్లొచ్చు. ఇరవై, పాతికేళ్ల వయసున్న ఈ చిన్న బండిని ఇంకా ఇష్టంగా నడుపుకునేవాళ్లు ఎందుకున్నారో చెప్పాలంటే ఆ ఖాళీ దగ్గరే మొదలుపెట్టాలి.

చవక పాత కారు అనగానే అందరూ డబ్బు లెక్కే తీస్తారు. డబ్బు మిగిలే మాట నిజమే, ఆ లెక్కా చూద్దాం. నా దృష్టిలో అంతకన్నా పెద్ద సుఖం, మనం నడిపే యంత్రం మనకు అర్థం కావడం. ఇంజిన్ మీద ప్లాస్టిక్ మూత, దాని కింద సెన్సర్లు, వాటి వెనక కంప్యూటర్ ఉన్న కొత్త కారులో డాష్‌బోర్డు మీద లైటు వెలిగితే చాలామందికి తోచేది సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేయడమే. 800లో ఓ చప్పుడు మొదలైతే అది ఏ చక్రం దగ్గర వస్తోందో, మలుపులోనా గుంతలోనా అన్నది విని, సగం జవాబు మనమే తెలుసుకోవచ్చు. మిగతా సగానికి మెకానిక్ ఉన్నాడు.

1983 డిసెంబర్ 14న ప్రధాని ఇందిరాగాంధీ మొదటి 800 తాళాలు అందజేసేనాటికి మన రోడ్ల మీద కారంటే ప్రధానంగా అంబాసిడర్, ప్రీమియర్ పద్మినీలే. సుజుకీ నుంచి వచ్చిన ఈ బండిలో ఇంజిన్ బలం ముందు చక్రాలకే అందుతుంది కాబట్టి, వెనక్కి పోయే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ లేదు. ఆ మేరకు బరువు తగ్గింది, లోపల కాళ్లకు చోటు పెరిగింది. పొడవు 3.3 మీటర్ల చిల్లర, బరువు 650 కిలోల దగ్గర, 12 అంగుళాల చక్రాలు. 37 అశ్వశక్తి అంటే ఈ రోజుల్లో చాలా తక్కువే. అయినా లాగాల్సిన బరువు అంత తక్కువ కాబట్టి ఊళ్లో ఆ బలం చాలు. బీఎస్-4 కాలుష్య ప్రమాణాలు రావడంతో 2010 ఏప్రిల్ నుంచి హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో దీని అమ్మకం ఆగింది. 2014 జనవరిలో ఉత్పత్తే ఆగిపోయింది. అప్పటికి దేశంలో పాతిక లక్షలకు పైగా అమ్ముడయ్యాయి.

ఈ అంకె కొనేవాడికి చాలా ముఖ్యం. ఒకే రకం బండి అన్ని లక్షలు తిరిగితే దాని విడిభాగాలు ప్రతి ఊళ్లోకీ చేరతాయి, దాన్ని విప్పి బిగించడం ప్రతి షెడ్డులోనూ నేర్చుకుంటారు. పైగా ఇదే 796 సీసీ ఇంజిన్‌తో ఓమ్ని వ్యాన్ 2019 దాకా తయారైంది. అందుకే విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో అడిగితే క్లచ్ ప్లేటు, వాటర్ పంపు, బ్రేక్ ప్యాడ్లు ఇప్పటికీ కౌంటర్ మీద పెట్టి చూపిస్తారు. పాత కారు కొనాలనుకునేవాళ్లు మోడల్ అందాన్ని చూసే ముందు ఈ సంగతి చూడాలి. కొద్దికాలం అమ్మి దేశం వదిలిపోయిన కంపెనీల కార్లు ఇంకా చవకగా దొరుకుతాయి. వాటిలో కొన్ని నడపడానికి 800 కన్నా ఎంతో బాగుంటాయి కూడా. కానీ ఒక్క హెడ్‌లైటు కోసం నెల తిరగాల్సి వస్తే ఆ చవకకు అర్థం లేదు.

ఇక డబ్బు. కొత్త కారుకు 7 లక్షలు అప్పు తీసుకున్నారనుకుందాం. ఏడాదికి 9 శాతం వడ్డీ, అయిదేళ్ల గడువు. నెల కిస్తీ 14,500 దాటుతుంది, అయిదేళ్లలో వడ్డీయే లక్షా 70 వేల పైన. నడిచే స్థితిలో ఉన్న 800 సాధారణంగా లక్ష లోపే దొరుకుతుంది. అంటే కొత్త కారుకు కట్టే వడ్డీతోనే బండి కొని, నాలుగు టైర్లు, బ్యాటరీ, క్లచ్ మార్చి, తుప్పు పట్టిన చోట టింకరింగ్ చేయించుకున్నా ఇంకా చేతిలో మిగులుతుంది. కొత్త కారు షోరూం దాటిన రోజు నుంచీ విలువ పోగొట్టుకుంటూ ఉంటుంది. ఈ బండి పోగొట్టుకోవాల్సిందంతా మొదటి యజమానుల దగ్గరే పోగొట్టుకుంది. 1000 సీసీ లోపు కార్లకు 2022 జూన్‌లో నిర్ణయించిన థర్డ్ పార్టీ ప్రీమియం 2,094 రూపాయలు, దానిపైన పన్ను, యజమాని ప్రమాద బీమా. బండి విలువే తక్కువ కాబట్టి సొంత నష్టానికి పాలసీ తీసుకోవాలా వద్దా అన్నది నెమ్మదిగా ఆలోచించుకోవచ్చు.

ఈ లెక్కలోంచే ఇంకో సుఖం పుడుతుంది. అది నిశ్చింత. కూరగాయల మార్కెట్ ముందు బండి ఆపి వెళితే మనసు బండి మీద ఉండదు. ఎవరో స్కూటర్ హ్యాండిల్ రాసుకుంటూ పోతే గీత పడుతుంది, పడనీ. సిమెంటు బస్తా, మొక్కల కుండీలు, ఊరినుంచి తెచ్చే బియ్యం మూట దేనికైనా వెనక సీటు సిద్ధం. పాత కాలనీల ఇరుకు సందుల్లో పెద్ద బండ్లు ముందుకీ వెనక్కీ ఆడుతుంటే ఇది ఒక్క తిప్పుకే మలుపు తిరిగిపోతుంది. వస్తువుని కాపలా కాయకుండా వాడుకోవడంలోని హాయి, ఖరీదైన కారు కొన్న మిత్రులకు చెబితే వెంటనే తెలియదు, ఓ నెల ఈ బండి ఇచ్చి చూడాలి.

కొనేటప్పుడు ఓపిక కావాలి. ముందు నంబరు ప్లేటు చదవండి. ఏపీ 31 అంటే విశాఖపట్నం, ఏపీ 05 అంటే తూర్పుగోదావరి. బండి సముద్రపు ఉప్పుగాలిలో బతికి ఉండొచ్చు కాబట్టి తుప్పు కోసం రెట్టింపు వెతకాలి. ఏపీ 15 కరీంనగర్‌దో, ఏపీ 36 వరంగల్‌దో అయితే ఆ భయం తక్కువ, ఎండకు పగిలిన రబ్బరు, వెలిసిన రంగు ఎక్కువ. అమ్మేవాళ్లకు మీరు వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని చెప్పండి. వెళ్లగానే బోనెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. చల్లగా ఉన్న ఇంజిన్ మొదటిసారి ఎలా అందుకుంటుందో, పొగ ఏ రంగులో వస్తుందో చూడటం కీలకం. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. రింగులో, వాల్వ్ సీళ్లో అరిగాయి. నల్ల పొగ వస్తే పెట్రోలు ఎక్కువ పోతోంది, అది సరిదిద్దుకోవచ్చు. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే కూలెంటు సిలిండర్లలోకి దిగుతోందని అనుమానించాలి. ఆయిల్ పోసే మూత తీసి లోపలి వైపు చూడండి. పాలు కలిసినట్టు జిగురు కనిపిస్తే ఆ బండికి దణ్ణం పెట్టి వచ్చేయడమే మేలు.

అయితే ఇంజిన్ కన్నా బాడీని ఎక్కువసేపు చూడమంటాను. 800 ఇంజిన్ మొత్తం విప్పి చేయించినా భరించగలిగే ఖర్చే. తుప్పు అలా కాదు. ఈ కారులో వేరే ఛాసిస్ లేదు, రేకు డబ్బానే ఛాసిస్. కాళ్ల కింది మ్యాట్లు ఎత్తి నేల నొక్కండి, బ్యాటరీ కింద, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంతలో, డోర్ల అడుగున వేలు పెట్టి చూడండి. అన్నిటికన్నా ముఖ్యం, బోనెట్ కింద రెండు వైపులా ముందు షాకబ్జర్ల పైభాగం బిగించే చోటు. అక్కడ రేకు పొరలు పొరలుగా లేస్తుంటే రంగు ఎంత మెరుస్తున్నా వదిలేయాలి. పుట్టీ పెట్టి రంగు వేసిన చోటికి అయస్కాంతం అంటుకోదు. జేబులో చిన్నది వేసుకెళితే చాలు. కాగితాల్లో ఛాసిస్ నంబరు, పెండింగ్ చలాన్లు, ఫైనాన్స్ తీరిందో లేదో చూసుకుని, ఫారం 29, 30 మీద సంతకాలయ్యాకే డబ్బు చేతులు మారాలి.

బండి ఇంటికొచ్చాక అసలు చదువు మొదలవుతుంది. 2000 ప్రాంతం దాకా వచ్చిన 800లకు కార్బొరేటర్ ఉంటుంది, తర్వాతవాటికి కంప్యూటర్ చెప్పినంత పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్‌ఐ. కార్బొరేటర్ బండిలో చోక్ ఉంటుంది. డిసెంబర్ పొద్దున ఆదిలాబాద్‌లోనో అరకులోనో దాన్ని లాగకుండా సెల్ఫ్ కొడితే ఇంజిన్ అందుకోదు. పెట్రోలు ద్రవంగా మండదు, ఆవిరై గాలిలో కలిస్తేనే మండుతుంది. చలికి సరిగా ఆవిరి కాదు. చోక్ లాగితే గాలి వచ్చే దారికి ఒక రేకు అడ్డుపడి, గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది. అందులో ఆవిరైన కొంచెమే మంటకు సరిపోతుంది. ఇంజిన్ కాస్త వెచ్చబడగానే చోక్ తోసేయాలి, లేదంటే మిగిలిన పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది. పొద్దున్నే చోక్ కొంచెం కొంచెంగా తోస్తూ ఇంజిన్ చప్పుడు సర్దుకోవడం వినడం నాకెంతో ఇష్టమైన పని. కొత్త కార్లలో ఇదే పని కంప్యూటర్ చేస్తుంది, చక్కగా చేస్తుంది, మనకు తెలియకుండా చేస్తుంది.

మూడు స్పార్క్ ప్లగ్గులే. పావుగంటలో విప్పి చూడొచ్చు. మొన లేత గోధుమరంగులో ఉంటే అంతా బాగున్నట్టు. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది. ఆయిల్‌తో తడిసి ఉంటే ఆ సిలిండర్ రింగులు చూడాలి. బాగా తెల్లబడితే మిశ్రమంలో పెట్రోలు తక్కువై మంట మరీ వేడిగా ఉంటోంది. మూడింటిలో ఒక్కటే తేడాగా ఉంటే జబ్బు ఆ సిలిండర్‌దేనని తేలిపోతుంది.

మన ప్రాంతంలో పాత కారుకు అసలు పరీక్ష ఎండాకాలం. రెంటచింతల, రామగుండం వైపు మే నెలలో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ ఎండలో ఇంజిన్ హీటెక్కకుండా ఉండటానికి నాలుగు వస్తువులు కలిసి పనిచేయాలి: నీళ్లు తిప్పే పంపు, వేడి వదిలించే రేడియేటర్, ఇంజిన్ తగినంత వేడెక్కాకే రేడియేటర్‌కి దారి తెరిచే థర్మోస్టాట్, బండి ఆగి ఉన్నప్పుడు గాలి లాగే ఎలక్ట్రిక్ ఫ్యాను. రేడియేటర్ మూత కూడా చిన్నదేం కాదు. ప్రెషర్ కుక్కర్‌లో లాగే అది లోపల ఒత్తిడి నిలుపుతుంది. 0.9 బార్ అదనపు ఒత్తిడిలో నీళ్లు 100 డిగ్రీలకు బదులు 118 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మూత రబ్బరు ఎండిపోతే ఆ రక్షణ పోతుంది. ఇంజిన్ వేడిగా ఉండగా మూత తీస్తే నీళ్లు ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతాయి కాబట్టి చల్లారేదాకా దాని జోలికి పోకూడదు.

మన షెడ్లలో రెండు అలవాట్లున్నాయి. రెండూ బండికి మంచివి కావు. ఒకటి, మన ఎండలకు అక్కర్లేదంటూ థర్మోస్టాట్ తీసి పక్కన పడేయడం. అది లేకపోతే ఇంజిన్ పనిచేయాల్సిన వేడికి ఆలస్యంగా చేరుతుంది, చలికాలంలో ఒక్కోసారి అసలు చేరదు. ఆయిల్ చిక్కగానే ఉండిపోతుంది, అరుగుదల పెరుగుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. హీటెక్కడానికి కారణం రేడియేటర్ పూడిపోవడమో ఫ్యాను స్విచ్చి చెడిపోవడమో అయితే, థర్మోస్టాట్ తీయడం వల్ల ఆ కారణం ఇంకొంతకాలం దాగుతుంది, అంతే. రెండోది, రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయడం. మన బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. పొయ్యి మీద నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే తెల్లటి పొరే రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ పేరుకుని దారి మూసేస్తుంది. డిస్టిల్డ్ వాటర్, కూలెంటు సరైన పాళ్లలో కలిపి పోసి, చెప్పిన గడువుకు మారుస్తుంటే రేడియేటర్, వాటర్ పంపు, హెడ్ గ్యాస్కెట్ మూడూ ఏళ్లకేళ్లు నిలుస్తాయి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత పెద్ద నష్టాన్ని ఆపే పని కారులో ఇంకోటి లేదంటాను.

చప్పుళ్ల సంగతి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా కదిలితే ముందు చక్రం దగ్గర టకటక వినిపిస్తుందా? డ్రైవ్ షాఫ్ట్ జాయింటు అరిగింది. దానికి తొడిగిన రబ్బరు బూటు చిరిగి గ్రీజు పోయి, దుమ్ము చేరి ఉంటుంది. బూటు చిరిగినప్పుడే మార్చి ఉంటే తక్కువలో పోయేది. వేగంతో పాటు పెరిగే ఊళ చక్రం బేరింగుది. ఒక వైపు మలుపులో పెరిగి, ఇంకో వైపు తగ్గితే ఏ చక్రానిదో కూడా చెప్పొచ్చు. గుంతలో దిగినప్పుడు మాత్రమే కొట్టే దెబ్బ చప్పుడుకు బాల్ జాయింటో, కంట్రోల్ ఆర్మ్ బుష్‌లో కారణం. స్టార్ట్ చేయగానే కీచుమని కాసేపటికి ఆగేది వదులైన ఫ్యాన్ బెల్టు. ఇవన్నీ వినాలంటే అద్దం దించి, పాటలు ఆపి, గోడ పక్కన నెమ్మదిగా నడపాలి. గోడకు తగిలి చప్పుడు మన చెవికే తిరిగొస్తుంది.

ఒక్కటి మాత్రం చప్పుడు చేసి చెప్పదు. అది టైమింగ్ బెల్టు. తెగిన చోటే బండి ఆగిపోతుంది. పాత బండి కొన్నాక అది ఎప్పుడు మార్చారో కాగితం మీద రుజువు లేకపోతే మార్చలేదనే అనుకుని మార్పించేయాలి. ఇంజిన్ ఆయిల్ మూడు లీటర్ల లోపే పడుతుంది కాబట్టి దాన్ని గడువుకు ముందే మార్చుకున్నా జేబుకి బరువు కాదు.

మంచి మెకానిక్ దొరకడం ఈ సుఖంలో పెద్ద భాగం. అద్దాల సర్వీస్ సెంటర్లలో బండి లోపలికి పోతుంది, బిల్లు బయటికొస్తుంది. షెడ్డులో పక్కనే నిలబడి చూడొచ్చు. “బండి ఊపుతోంది అన్నా” అంటే చాలదు. “నలభై దాటాక ఊపుతోంది, బ్రేకు తొక్కితే ఎక్కువవుతోంది” అని చెబితే అతను ముందు చక్రాల డిస్కుల దగ్గరికే వెళతాడు. అరిగిన పాత పార్టు చేతిలో పెట్టమని అడగండి. ఎక్కడ అరిగిందో చూపించి చెప్పే మెకానిక్‌ని వదులుకోకండి. పార్టులు మీరే కొని తెస్తే బ్రేకులు, స్టీరింగ్, టైమింగ్ బెల్టుకు సంబంధించినవి కంపెనీవే తీసుకోండి. డోర్ హ్యాండిళ్లు, అద్దాలు, మ్యాట్లు ఎక్కడివైనా పరవాలేదు. చేసిన పని, తేదీ, మీటర్ రీడింగ్ ఓ చిన్న పుస్తకంలో రాసి డాష్‌బోర్డు అరలో ఉంచితే రెండేళ్లలో బండి మొత్తం చరిత్ర మీ చేతిలో ఉంటుంది.

ఇప్పుడొచ్చిన కొత్త ఇబ్బంది పెట్రోలుది. బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఈ బండ్ల రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపు డయాఫ్రం దాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. కాలక్రమంలో ఉబ్బి, పగులుతాయి. ఇథనాల్ తేమనీ లాక్కుంటుంది. కార్బొరేటర్‌కి మిశ్రమాన్ని తనంతట తాను సర్దుకునే తెలివి లేదు. ఎంపీఎఫ్‌ఐ బండ్లు కొంతవరకు సర్దుకుంటాయి. ఇథనాల్‌ని తట్టుకునే రకం గొట్టాలు వేయించడం, ఫిల్టర్ తరచుగా మార్చడం, నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచకపోవడం చేయాలి. గొట్టాల దగ్గర పెట్రోలు వాసన వస్తే ఆ రోజే చూపించాలి. అది మంటల వ్యవహారం.

భద్రత విషయంలో ఈ బండి మీద నాకున్న ప్రేమ నా మాటకి అడ్డు రాకూడదు. 800లో ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. మన దేశంలో కార్లకు ఏబీఎస్, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరైంది 2019లో. రేకు పల్చన, ముందు భాగం పొట్టి. విజయవాడ హైవే మీద రాత్రిపూట లారీల మధ్య పిల్లల్ని ఎక్కించుకుని 90లో పోవడానికి ఇది బండి కాదు. ఊళ్లో నలభై, యాభైలో, నలుగురూ బెల్టు పెట్టుకుని, మంచి టైర్లతో నడిపే బండి. వెనక సీటుకు బెల్టులు లేకపోతే వేయించండి. పొగ మాటా అంతే. పాత ఇంజిన్ కిలోమీటరుకి వదిలే కాలుష్యం కొత్తదానికన్నా ఎక్కువ. రోజూ యాభై కిలోమీటర్లు ఆఫీసుకు తిరిగేవాళ్లకు నేను దీన్ని చెప్పను. వారానికి కొద్ది దూరమే తిరిగేవాళ్లు, ట్యూనింగ్ సరిగ్గా ఉంచుకుని, పొల్యూషన్ పరీక్ష నిజాయితీగా చేయించుకుంటే ఉంచుకోవచ్చు.

పదిహేనేళ్లు దాటితే బండి లాక్కుంటారట అన్న భయం మన ఊళ్లలోనూ ఉంది. వయసును బట్టి బండ్లు తిరగనివ్వని నిబంధన వచ్చింది ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికి. ఇక్కడ పదిహేనేళ్లు నిండాక ఫారం 25 పెట్టి, ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, ఆర్‌సీని అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కారు రెన్యువల్ రుసుము 5,000; ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో 10,000 చేశారు. చవక బండికి ఇది చిన్న మొత్తం కాదు. కొనేటప్పుడే ఆర్‌సీ గడువు ఎప్పటిదాకా ఉందో చూసి, ఆ మేరకు ధర తగ్గించమని అడగాలి. ఫిట్‌నెస్ పరీక్షను మాత్రం శత్రువుగా చూడక్కర్లేదు. బ్రేకులు, లైట్లు, స్టీరింగ్ ఆట, పొగ అన్నీ మనమూ చూసుకోవాల్సినవే.

ఒక రోజు ఆపేయాల్సి వస్తుంది. అది తేల్చేది ఇంజిన్ కాదు, పైన చెప్పిన షాకబ్జర్ల చోటు, కాళ్ల కింది నేల. అక్కడ వెల్డింగ్ మీద వెల్డింగ్ పడుతోందంటే బండి తన పని చేసేసింది. అప్పుడు పాత ఇనుము కొట్టుకి తోలకండి. ఆర్‌సీ మీ పేరునే ఉండిపోతుంది, ఆ నంబరుతో ఎవరేం చేసినా మీ ఇంటికే వస్తారు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రంలో ఇచ్చి డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోండి, రిజిస్ట్రేషన్ రద్దు చేయించండి. దాంతో తర్వాత కొనే కొత్త కారు రోడ్డు పన్నులో రాయితీ అడగొచ్చు. లేదా, ఇంకో 800 వెతుక్కోవచ్చు. ఈసారి ఏం చూడాలో మీకు ముందే తెలుసు.